న్యూయార్కునుండి పారిసుకు ఎంత దూరము?

1927లో అమెరికాలోని సాన్‌డియాగో పట్టణపు ప్రజాగ్రంథాలయములో, 25 ఏండ్ల విమానచోదకు డొకడు గ్లోబుపై న్యూయార్కు, పారిసు నగరముల నడుమ దారమును బిగించి పట్టి కొలిచెను. 3,600 మైళ్లని తేలినది. ఆతడు చార్లెస్ లిండ్‌బర్గ్. ఈ రెండు నగరముల నడుమ ఎచటను ఆగక ఎగిరినవారికి 25,000 డాలర్ల బహుమానము 1919లోనే ప్రకటింపబడి యుండెను.

పటము ఉండగా దారమెందుకని విద్యార్థులు అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. మెర్కేటర్ 1569లో ప్రకటించిన పటములో ఒకే దిక్కున సాగు దారి సరళరేఖ యగును. నావికులకు అది గొప్ప వరము. కాని ధ్రువములవైపు పోవుకొలది ఆ పటము సాగిపోవును. అందలి సరళరేఖ వెంబడి పోయినచో పారిసుకు సుమారు 6,040 కిలోమీటర్లగును. గోళముపై అన్నిటికన్న దగ్గరి దారి మహావృత్తఖండము. అది పారిసుకన్న ఉత్తరమున నున్న ఐర్లండు మీదుగా వంగి పోవును, అయినను పొట్టిది!

త్రికోణమితి నేర్చినవారు దారము లేకయే దీనిని సాధింపవచ్చును. రెండు స్థలముల అక్షాంశముల సైనులను గుణింపుడు. వాని కొసైనులను, రేఖాంశ భేదపు కొసైనును గుణించి దానికి కలుపుడు. వచ్చినది భూకేంద్రమువద్ద ఆ రెండు స్థలముల నడుమ కోణమునకు కొసైను. బయలుదేరిన మైదానపు అక్షాంశము 40°44′, దిగినచోటిది 48°57′, రేఖాంశ భేదము 76°03′. 0.492కు 0.120 కలుపగా 0.612; కోణము సుమారు 52¼ డిగ్రీలు. డిగ్రీకి 60 నాటికల్ మైళ్లు, ఒక్కొక్కటి 1.852 కిలోమీటర్లు. గుణించినచో సుమారు 5,806 కిలోమీటర్లు వచ్చును. దారము చెప్పినదానికి ఎంత దగ్గర! మిగిలిన 230 కిలోమీటర్లు ఆ విమానమునకు గంటకు పైబడిన ప్రయాణము, అంతసేపటి పెట్రోలు.

చిక్కేమనగా, ఈ దారిలో దిక్కు క్షణక్షణము మారుచుండును. లిండ్‌బర్గ్ దారిని 100 మైళ్ల ముక్కలుగా కోసి, ప్రతి ముక్కకును దిక్సూచి కోణము వ్రాసికొనెను. ఇంచుమించు గంట కొకమారు దిక్కు మార్చిన చాలును. ఆతని సాహసమును పొగడువారు పెక్కురు. ఈ పెన్సిలు గీతలను తలచువారు తక్కువ. అదే సంవత్సరము మే 8న పారిసునుండి బయలుదేరిన నంజెస్సర్, కోలీలు సముద్రముపై అదృశ్యులైరి.

మే 20 ఉదయము 7-52కు లిండ్‌బర్గ్ సుమారు 1,700 లీటర్ల పెట్రోలుతో లేచెను. రాత్రి మంచును, నిద్రమత్తును గడచి ఐర్లండు తీరమును చేరునప్పటికి, తాను గీచిన గీతకు కొద్ది మైళ్ల దూరముననే యుండెను. వెనుకనుండి వీచిన గాలివలన అనుకొన్న వేళకన్న ముందుగనే చేరెను. విమానము గాలిలో పోవు వేగము వేరు, నేలపై సాగు వేగము వేరు. ప్రయాణ కాలమును నిర్ణయించునది రెండవదే.

మే 21 రాత్రి 10-22కు ఆతడు పారిసులో దిగెను. గడియారములను చూచి తీసివేసినచో 38½ గంటలు. ఆనాడు పారిసు గడియారము న్యూయార్కుకన్న 5 గంటలు ముందుండెను గనుక అసలు కాలము 33½ గంటలు. సగటు వేగము గంటకు సుమారు 173 కిలోమీటర్లు. టాంకులలో ఇంకను 320 లీటర్లకు పైగా పెట్రోలు మిగిలియుండెను.