ఇనుము వేషంలో అల్యూమినియం

అమెరికా నగరాల శివారు వాడలలో చాలా ఇళ్ళ చుట్టు నిలువు ఊచలతో అమర్చిన నల్లని కంచె కనబడుతుంది. కొన్నింటి ఊచల కొసలు ఈటెల వలె ఉంటాయి. చూచినవారు అది కమ్మరి కొలిమిలో సాగగొట్టిన ఇనుమని అనుకొంటారు. అయస్కాంతాన్ని దగ్గరికి తెస్తే మాత్రం అది అంటుకోదు. ఆ కంచె అల్యూమినియంతో చేసినది.

ఈ లోహం ఒకప్పుడు కంచెలకు వాడదగినంత చౌక కాదు. 1884 డిసెంబరు 6వ తేదీన వాషింగ్టన్ స్మారక స్తంభం కొసన అమర్చిన చిన్న శిఖరం అల్యూమినియంతో పోతపోసినదే. దాని బరువు 100 ఔన్సులు. పిడుగుపాటును భూమిలోనికి పంపే ఉపకరణంలో అదొక భాగం. ఆనాడు ఆ లోహం వెల దాదాపు వెండి వెలతో సమానం.

భూమి పైపొరలో సమృద్ధిగా ఉన్న లోహానికి అంత వెల ఎందుకు? అది ఆక్సిజనును గట్టిగా పట్టుకొని ఉంటుంది. బొగ్గుతో కాల్చి ఇనుమును విడదీసినంత సులభంగా దీనిని విడదీయలేము. 1886 ఫిబ్రవరి 23వ తేదీన ఓబర్లిన్ పట్టణంలో ఛార్లెస్ మార్టిన్ హాల్ అనే 22 ఏండ్ల పట్టభద్రుడు, తన ఇంటి కట్టెల కొట్టంలో, కరిగించిన క్రయోలైటులో అల్యూమినియం ఆక్సైడును కలిపి విద్యుత్తును ప్రసరింపజేశాడు. అడుగున చిన్న చిన్న లోహపు గుండ్లు దొరికాయి. ఆక్సైడు ఒంటరిగా కరగాలంటే 2,000 డిగ్రీల సెంటిగ్రేడుకు మించిన వేడి కావాలి. క్రయోలైటు సాయంతో వెయ్యి లోపునే పని జరుగుతుంది. రసాయనశాస్త్రం చదివిన సోదరి జూలియా హాల్‌కు తోడుగా ఉన్నది. అదే సంవత్సరం ఫ్రాన్సులో పాల్ ఎరూ స్వతంత్రంగా ఈ మార్గాన్నే కనిపెట్టాడు. వీరిద్దరు పుట్టినదీ ఒకే ఏడు, 1863లో. మరణించినదీ ఒకే ఏడు, 1914లో.

వెల దిగినది, కాని శుద్ధ అల్యూమినియం మెత్తన. చేతితో వంచితే వంగే ఊచ కంచెకు పనికిరాదు. 1906లో బెర్లిన్ దగ్గర ఆల్‌ఫ్రెడ్ విల్మ్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు రాగి, మెగ్నీషియం కలిసిన అల్యూమినియాన్ని వేడిచేసి నీటిలో చల్లార్చాడు. అప్పుడు అంతగా గట్టిపడలేదు. కొన్ని రోజుల తరువాత మళ్ళీ కొలిచి చూస్తే ఆ ముక్క, ఎవరూ ముట్టుకోకుండానే, తనంతట తాను గట్టిపడి ఉన్నది! లోహంలో చిక్కుకొన్న ఇతర పరమాణువులు మెల్లగా గుంపులు కట్టి, స్ఫటికపు పొరలు ఒకదానిపై ఒకటి జారకుండా అడ్డుపడతాయని 1938లో గినియే, ప్రెస్టన్ వేరువేరుగా ఎక్స్-కిరణాలతో చూపారు. నేటి కంచెలకు వాడే మిశ్రలోహంలో మెగ్నీషియం, సిలికన్ ఉంటాయి. దానిని కొన్ని గంటలు ఓ మాదిరి వేడిలో ఉంచి గట్టిపరుస్తారు.

ఊచలు చేసే పద్ధతి మన వంటింటి జంతికల గొట్టాన్ని పోలినదే. 1894లో అలెగ్జాండర్ డిక్ వేడి ఇత్తడిని అచ్చు రంధ్రం గుండా నెట్టే యంత్రాన్ని రూపొందించాడు. అల్యూమినియం దానికి మరింత అనువైనది. 450, 500 డిగ్రీల నడుమ మెత్తబడిన దిమ్మెను నెడితే చదరపు గొట్టాలు బారులు బారులుగా వస్తాయి.

తమాషా ఏమంటే, ఇంత చేసినా అమెరికా శివారు ఇంటికి కంచె అక్కరలేదన్న వాదమే చాలాకాలం బలంగా ఉండినది. 1870లో ఫ్రాంక్ స్కాట్ శివారు తోటలపై వ్రాసిన గ్రంథంలో పచ్చికను పొరుగువారి కంటికి మరుగుచేయరాదని వాదించాడు. 1947లో న్యూయార్కు దగ్గర మొదలై 17,000కు పైగా ఇళ్ళతో వెలసిన లెవిట్‌టౌనులో కంచెలను ఒప్పంద పత్రాలే నిషేధించాయి. తెల్లవారు కానివారు అక్కడ నివసించరాదన్న షరతు కూడ తొలి పత్రాలలో ఉన్నది. కంచె లేని ఆ పచ్చిక చుట్టు కంటికి కనబడని గోడ ఒకటి ఉండినదన్నమాట.

కంచెను తప్పనిసరి చేసిన కారణాలలో ముఖ్యమైనది పెరటిలోని ఈతకొలను. ఆ దేశంలో ఒకటి నుంచి నాలుగేండ్ల లోపు పిల్లల మరణాలకు మొదటి కారణం నీట మునగడం. అందుకని కొలను చుట్టు కనీసం 48 అంగుళాల ఎత్తు అడ్డు ఉండాలని అక్కడి వినియోగదారుల భద్రతా సంఘం సూచించినది. నాలుగంగుళాల బంతి ఊచల మధ్య దూరరాదు. అడ్డపట్టీలు దగ్గరగా ఉంటే పిల్లవాడికి నిచ్చెన అవుతాయి కనుక వాటి మధ్య 45 అంగుళాలైనా ఎడం ఉండాలి. లేకుంటే ఊచలను ఇంకా దగ్గరగా వేయాలి. గోడకు లేని సుగుణం ఊచలకున్నది. ఇంటిలోనుంచి తల్లికి కొలను కనబడుతూనే ఉంటుంది.

ఇక్కడ విద్యార్థులకు ఒక సందేహం కలుగవచ్చు. అల్యూమినియం ఇనుముకంటె చురుకైన లోహమే కదా, మరి తడిలో ముందు ఇదే ఎందుకు చెడిపోదు? గాలి తగిలిన క్షణంలోనే దానిపై మిల్లీమీటరులో లక్షవ వంతుకైనా చాలని ఆక్సైడు పొర ఏర్పడి, లోపలి లోహాన్ని కప్పివేస్తుంది. ఇనుప త్రుప్పు అట్లా కాదు. అది గుల్లగా లేచి రాలిపోతుంది, క్రొత్త ఇనుము బయటపడుతుంది. అయితే ఈ పొరకు క్షారం శత్రువు. గుంజను పాతేటప్పుడు పోసే పచ్చి కాంక్రీటు క్షారమే. కాల్చి అంటించిన పొడి రంగు అక్కడ రక్షణ. మామూలు ఇనుప మరలు బిగిస్తే వానతడిలో రెండు లోహాలు కలిసి చిన్న విద్యుద్ఘటంగా మారి అల్యూమినియం కొరుక్కుపోతుంది. స్టెయిన్‌లెస్ ఉక్కు మరలు వాడడం అందుకే.

చలిదేశాలలో గుంజ గొయ్యి ఎంత లోతున్నదన్నది పెద్ద సంగతి. నీరు గడ్డకట్టినప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. మంచు దిగే లోతుకంటె గొయ్యి పైనే ఆగితే నేల గుంజను ఏటేటా కొంచెం కొంచెం పైకి నెడుతుంది. నేల వాలుగా ఉన్నచోట అడ్డపట్టీలు వాలుతోపాటు వంగి, ఊచలు మాత్రం నిట్టనిలువుగా నిలిచే చట్రాలు వాడతారు. అల్యూమినియం బిగువు ఉక్కులో మూడవ వంతే. బండి తగిలితే వంగిపోతుంది; బలమైన కాపలా కావలసిన చోట ఇనుమే మేలు.

గుంజ ఒరిగితే మొదట చెడేది తలుపు. కొలను తలుపు బయటివైపునకే తెరుచుకొని, చేయి వదలగానే దానంతటదే మూసుకొని గడియ పడవలెను. గుంజ అరంగుళం ప్రక్కకు జరిగినా గడియ నాలుక గాడిలో పడదు.