జొన్నన్నం ఎందుకు పోయింది?

ఈమధ్య మన ఐటీ జనాల్లో కొర్రలు, సామలు, అండుకొర్రల గోల బాగా పెరిగింది. మంచిదే. కానీ "మన పెద్దవాళ్ళు ఎంత చక్కగా తినేవాళ్ళో, మనమే చెడగొట్టుకున్నాం" అనే మాట మాత్రం నాకు మింగుడుపడదు. అసలు కథ వేరే ఉంది.

తెలంగాణ, రాయలసీమ, పల్నాడు మెట్టప్రాంతాల్లో రోజువారీ తిండి జొన్న, సజ్జ, రాగి, కొర్ర. వరన్నం పండక్కో, చుట్టాలొస్తేనో. అలాగని అందరూ ఇష్టపడి జొన్న తిన్నారనుకునేరు! పల్నాటి జొన్నకూటిని ఈసడిస్తూ శ్రీనాథుడి పేరు మీద చాటువులే ఉన్నాయి. వరన్నమంటే హోదా.

ఆ హోదాని అందరి కంచాల్లోకి తెచ్చినవి మూడు. ఒకటి నీళ్ళు: 1852 నాటి ధవళేశ్వరం ఆనకట్ట, తర్వాత 1967లో నాగార్జునసాగర్. రెండోది విత్తనం: 1966లో ఐఆర్-8, 1986లో బాపట్ల నుంచి సాంబ మసూరి. మూడోది ధర: 1983లో ఎన్టీఆర్ తెచ్చిన కిలో రెండ్రూపాయల బియ్యం. ఆకలి తీర్చిన పథకం అది, తప్పుపట్టలేం. కాకపోతే ఇంకో పని కూడా జరిగింది. రేషన్ షాపులో బియ్యం అంత చవగ్గా దొరుకుతుంటే, కొనేవాడులేని జొన్న మెట్టరైతు ఎందుకు వేస్తాడు? పత్తికో మారాడు, లేదా చేను బీడు పెట్టాడు.

దీనికి జవాబు జహీరాబాద్ ప్రాంతంలో దొరికింది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1990ల మధ్యలో బీడు భూములకి అప్పులిచ్చి సాగుచేయించాయి. అప్పు తిరిగి కట్టేది డబ్బుల్లో కాదు, జొన్నల్లో. ఆ జొన్నల్నే ఊళ్ళోని పేదలకి తక్కువ ధరకి ఇచ్చారు. అంటే ఊరి పంటతో ఊరికే రేషన్ అన్నమాట! 2019లో ఈ సంఘాలకి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది.

ఇందులో మనకి పనికొచ్చేది ఒకటుంది. తిండి మారింది రుచి వల్ల ఒక్కటే కాదు; నీళ్ళు, విత్తనం, ధర, కొనుగోలు కలిసి మార్చాయి. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళకి క్లాసు పీకి లాభం లేదు. పేదరికంలో జొన్నగటక తిన్నవాళ్ళకి వరన్నం గెలుపు, దాన్ని చిన్నబుచ్చకండి. వారానికి రెండు పూటలు రొట్టెతోనో, సంకటితోనో మొదలుపెట్టండి. మెరిసే ప్యాకెట్ బదులు దగ్గర్లోని మెట్టరైతు దగ్గరో, రైతు సంఘం దగ్గరో కొనండి. కొనేవాడు లేకే జొన్న పోయింది. మళ్ళీ రావాలన్నా ముందు కావాల్సింది కొనేవాడే.