తోటి పిల్లలు చెప్పే చదువు: బళ్ళారి వీధిబడి నుంచి రిషివ్యాలీ దాకా

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాలవారీగా బడుల లెక్కలు అడిగాడు. తెలుగు వ్యాకరణం రాసిన ఎ.డి. క్యాంప్‌బెల్ అప్పుడు బళ్ళారి కలెక్టరు. 1823 ఆగస్టులో ఆయన పంపిన నివేదిక ప్రకారం జిల్లాలో 533 బడులున్నాయి. వాటిలో 226 తెలుగువి. చదువులో ముందున్న పిల్లలు వెనకున్నవాళ్ళకు చెప్పడం ఆయనకు నచ్చింది. దానివల్ల చెప్పే పిల్లవాడి చదువు కూడా గట్టిపడుతుందని ఆయన గుర్తించాడు. ఇంగ్లండు ఈ పద్ధతిని అందిపుచ్చుకోవడం సబబేనన్నాడు.

అందిపుచ్చుకున్నవాళ్ళలో మొదటివాడు ఆండ్రూ బెల్. మద్రాసులో సైనికుల అనాథ బాలుర ఆశ్రమాన్ని నడుపుతూ, పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి, పెద్ద పిల్లల చేత చిన్నవాళ్ళకు చెప్పించాడు. 1797లో లండన్‌లో ఆ అనుభవాన్ని పుస్తకంగా అచ్చువేశాడు. ఆ తర్వాత జోసెఫ్ లాంకాస్టర్ వంటివారి చేతుల్లో అది ఒక్క పంతులుతో వందలమందికి పాఠం చెప్పించే చవక ఏర్పాటైంది. బీదపిల్లలకు చదువు అందింది, నిజమే. కానీ బట్టీపట్టింది అప్పజెప్పించుకోవడమే చెప్పే పిల్లవాడి పనైపోయింది. పంతులు తోడుగా ఉన్నంతకాలమే ఈ పద్ధతికి విలువ అని నా వాదన.

క్యాంప్‌బెల్ లెక్కల్లో ఇంకో అంకె ఉంది. 6,641 మంది పిల్లల్లో ఆడపిల్లలు 60 మంది. వీధిబడి అరుగు మీద ఎవరిని కూర్చోనిస్తారన్నది పాఠం మొదలవకముందే తేలిపోయింది. అట్టడుగు పిల్లలకు చేయూత గురించి మాట్లాడేవాళ్ళు ఈ అంకె దగ్గర కాసేపు ఆగాలి.

మన కాలంలో తోటి పిల్లల చేత చెప్పించే ఆలోచనను బాగా మలిచింది మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడి. అక్కడి గ్రామీణ విద్యాకేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలు కూర్చునే చిన్న బడులు నడిపింది. ఆ కేంద్రంలోని పద్మనాభరావు, రమ దంపతులు పాఠ్యపుస్తకాన్ని విడగొట్టి కార్డులుగా మార్చారు. గోడ మీద నిచ్చెన బొమ్మ ఉంటుంది. పిల్ల తన మెట్టు వెతుక్కుని, ఆ గుర్తున్న కార్డు తెచ్చుకుంటుంది. ఎక్కడ కూర్చోవాలో కూడా ఆ గుర్తే చెబుతుంది: టీచరు దగ్గరా, తోటిపిల్లల సాయం దొరికే గుంపులోనా, ఒంటరిగానా అని. అక్కడ సాయం చేయడం ఏ ఒక్క తెలివైన పిల్లకో కట్టబెట్టిన బరువు కాదు, పాఠంలోనే ఒక మెట్టు. నాలుగు రోజులు బడి మానేసిన పిల్ల కూడా ఆగిన మెట్టు నుంచే మళ్ళీ ఎక్కుతుంది. కూలిపనుల కాలంలో తల్లిదండ్రులతో వెళ్ళాల్సిన పిల్లలకు ఇంతకన్నా మేలైన ఏర్పాటు నాకు తెలియదు. కర్ణాటకలో నలి కలి పద్ధతి దీన్నుంచే పుట్టింది. తమిళనాడు ప్రభుత్వ బడులూ దీన్ని తీసుకున్నాయి.

ఒక బడి ఇంకో బడికి తోడుపడే పొత్తుకు అసలు రూపం ఇదే. వనరులున్న బడి కార్డులు రాసి, టీచర్లకు తర్ఫీదిచ్చి, ఏళ్ళ తరబడి వెంట నిలిచింది. కేంద్ర ప్రభుత్వ సమగ్ర శిక్ష పథకంలోనూ జంట బడుల ఆలోచన ఉంది. దాని కింద కేంద్రీయ, నవోదయ విద్యాలయాల పిల్లలు ప్రభుత్వ బడులకు వెళ్ళిరావచ్చు. కానీ ఒక్కరోజు పర్యటన వల్ల పరిచయం కలుగుతుంది; లెక్కలు రావు.

ముంబయి, వడోదరల్లో ప్రథమ్ సంస్థ నడిపిన బాలసఖి కార్యక్రమం, సాయం ఏళ్ళ తరబడి నిలవాలన్నదానికి సాక్ష్యం. చదువుకున్న స్థానిక యువతులు వెనకబడిన పిల్లలకు రోజుకు రెండు గంటలు విడిగా చెప్పారు. 2007లో ఆర్థికవేత్తలు బెనర్జీ, డుఫ్లోల బృందం ప్రచురించిన అధ్యయనంలో రెండో ఏటికి మార్కులు 0.28 ప్రామాణిక విచలనం మేర పెరిగాయి. కార్యక్రమం ఆగిన ఏడాదికి ఆ లాభం 0.1 దగ్గరికి జారింది.

కాబట్టి మన గురుకులాల్లో, జడ్పీ హైస్కూళ్ళలో పెద్ద పిల్లల చేత చిన్నవాళ్ళకు చెప్పించే పథకం పెడితే పదో తరగతి వాళ్ళను వదిలి ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలను ఎంచుకోవాలి; పరీక్షల ఏడాది వాళ్ళ సమయం తీసుకోవడం అన్యాయం. టైంటేబుల్లో దానికి ఒక పీరియడ్ ఉండాలి. చెప్పబోయే పాఠాన్ని ముందురోజు ఆ పిల్లలతో కూర్చుని చూసే టీచరు ఉండాలి. ఆ టీచరు పోస్టు ఖాళీగా ఉన్న బడిలో ఈ పథకం మొదలుపెట్టకూడదు.