మిషను బడి దరఖాస్తులో మతం గడి

ఏప్రిల్ నెలాఖరుకి తణుకులో మిషను బడుల ఆఫీసు కిటికీల దగ్గర జనం మొదలవుతారు. ఉండ్రాజవరం, ఇరగవరం, అత్తిలి నుంచి బండ్లమీద వచ్చినవాళ్లే ఎక్కువ. దరఖాస్తులో పిల్లవాడి పేరు, పుట్టిన తేదీ, ఆధార్ నంబరు, ఆ కింద మతం, కులం. కుంకుమబొట్టు పెట్టుకున్న తల్లి అక్కడ ‘హిందూ’ అని నింపి లోపలికి అందిస్తుంది. కిటికీ అవతలి సిస్టరుగారు ఆ గడి వంక చూడనే చూడరు. “బస్సు కావాలామ్మా?” అని అడుగుతారు.

క్రైస్తవుల బడిలో ఇతర మతాల పిల్లలకు సీటు దొరకడం మనకు వింతగా తోచదు. తోచకపోవడానికి కారణం ఉంది. మన దగ్గర ఈ బడులు పుట్టిందే ఇతర మతాల పిల్లల కోసం.

గోదావరి డెల్టాకు మొదట వచ్చిన మిషనరీలు విలియం బౌడెన్, జార్జి బీర్. 1836లో ఇండియాకు వచ్చి నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో స్థిరపడ్డారు. ధవళేశ్వరం ఆనకట్ట కడుతున్నప్పుడు కూలీల మధ్య ప్రచారం చేశారు. అయితే పెద్ద కులాల ఇళ్లలోకి దారి వేసింది ఇంగ్లీషు చదువు. ఆ దారి కృష్ణా డెల్టాలో, బందరులో మొదలైంది. కేంబ్రిడ్జిలో చదువుకున్న రాబర్ట్ నోబుల్ 1843లో అక్కడ ఇంగ్లీషు బడి తెరిచాడు. ఆయన కోరుకున్నది బ్రాహ్మణుల, జమీందార్ల, ఉద్యోగస్తుల పిల్లల్ని. క్రైస్తవులే లేనిచోట క్రైస్తవ పిల్లలకే ప్రవేశం అనే మాట ఎలా పుడుతుంది? షరతు మతం మీద కాదు, ఒక గంట మీద. రోజూ బైబిలు పాఠానికి కూర్చోవాలి, అంతే.

తల్లిదండ్రులకూ ఆ లెక్క తెలుసు. ఇంగ్లీషు వస్తే కలెక్టరు కచేరీలో ఉద్యోగం. దానికోసం ఒక గంట బైబిలు వింటే ఏం పోతుందని పంపారు. 1852లో ఆ బడిలో చదువుతున్న మంచాల రత్నం, ఐనాల భూషణం బాప్తిస్మం తీసుకునేసరికి లెక్క తిరగబడింది. ఊరు ఊరంతా పిల్లల్ని మానిపించింది. బడి దాదాపు ఖాళీ అయింది. తర్వాత మళ్లీ ఒక్కొక్కరే వచ్చారు. చెన్నపట్నంలో మిషనరీ ఆండర్సన్ నడిపిన బడిలోనూ 1841లో ఇదే జరిగింది. బాప్తిస్మం జరిగితే బడి ఖాళీ కావడం, కొన్నాళ్లకు ఉద్యోగాల ఆశ మళ్లీ నింపడం.

ఇక్కడ చెప్పక తప్పని సంగతి ఇంకొకటి ఉంది. అన్యమతస్తులకు బార్లా తెరిచిన నోబుల్ బడి తలుపు మొదట్లో మాల, మాదిగ పిల్లలకు తెరుచుకోలేదు. వాళ్లను చేర్చుకుంటే పై కులాల పిల్లలు లేచిపోతారని భయం. ఆ భయం ఉత్తదేం కాదు. చెన్నపట్నంలో అంటరానివారన్న పిల్లల్ని ఆండర్సన్ చేర్చుకోగానే అలాగే లేచిపోయారు. మిషను బడుల ప్రవేశాల చరిత్రలో అసలు గోడ మతం కాదు, కులమని నేనంటాను. ఏ కులాలు వేలాదిగా క్రైస్తవంలోకి వచ్చాయో, వాళ్ల పిల్లలకు పల్లెల్లో తెలుగు బడులు, బోర్డింగు స్కూళ్లు వేరే పెట్టవలసి వచ్చింది. పట్నంలో ఇంగ్లీషు చదువు ఒకరికి, పేటలో తెలుగు చదువు ఒకరికి. ఆ చీలిక ఇప్పటికీ పూర్తిగా పూడలేదు.

బైబిలు గంట మీద ప్రభుత్వానికి మొదటినుంచీ ఇబ్బందే. 1854లో వుడ్ తాఖీదు సర్కారు బడుల్లో మతబోధ వద్దంది కానీ, మిషను బడులకు గ్రాంటు ఇవ్వడానికి దారి తెరిచింది. జనం పన్నుల సొమ్ముతో బైబిలు చెప్పడమేమిటన్న ప్రశ్న అప్పటినుంచే వెంటాడింది. 1882లో వేసిన హంటర్ కమిషన్ ఒక మధ్యేమార్గం చెప్పింది. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క బడి మతం బోధించే బడి అయితే, ఆ పాఠానికి పిల్లల్ని పంపకుండా ఉండే హక్కు తల్లిదండ్రులకు ఉండాలి, అందువల్ల చదువులో వాళ్లకు ఏ లోటూ రాకూడదు. ఆ కమిషన్‌లో మద్రాసు క్రిస్టియన్ కాలేజీ ప్రిన్సిపాల్ విలియం మిల్లర్ కూడా సభ్యుడు. బాప్తిస్మాల లెక్క కంటే సమాజంలో మెల్లగా వచ్చే మార్పే ముఖ్యమని నమ్మిన మనిషి ఆయన.

ఫలితాలు మాత్రం మిషనరీలు ఊహించినట్టు రాలేదు. తిరుపతిలో లూథరన్ మిషను బడిలో, తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివిన సర్వేపల్లి రాధాకృష్ణన్, అక్కడ హిందూమతం మీద విన్న విమర్శలకు జవాబు వెతుకుతూ వేదాంతంలోకి దిగాడు. 1908లో ఎం.ఏ.కు రాసిన వ్యాసం వేదాంతంలోని నీతి మీదే. విశ్వనాథ సత్యనారాయణ అంతటి సనాతని గుంటూరు ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీలో పాఠాలు చెప్పాడు. నోబుల్ బడి పెట్టిన బందరులోనే 1910లో జాతీయ విద్య కోసం ఆంధ్ర జాతీయ కళాశాల లేచింది.

స్వాతంత్ర్యం వచ్చాక పాత తగువు రాజ్యాంగంలో మూడు చోట్ల కుదురుకుంది. 30వ అధికరణం మైనారిటీలకు బడులు పెట్టి నడుపుకునే హక్కు ఇచ్చింది. సర్కారు సాయం తీసుకునే బడి మతం కారణంగా ఎవరికీ సీటు నిరాకరించకూడదని 29(2) చెప్పింది. గుర్తింపు పొందిన ఏ బడిలోనైనా, సాయం తీసుకున్నా తీసుకోకపోయినా, పెద్దల సమ్మతి లేకుండా పిల్లల్ని మతబోధకు, ప్రార్థనకు కూర్చోబెట్టరాదని 28(3) చెప్పింది. 30కీ 29(2)కీ పొత్తు కుదర్చడానికి సుప్రీంకోర్టు చాలా ఏళ్లు శ్రమపడింది. 1991లో సెయింట్ స్టీఫెన్స్ కేసులో సొంత మతస్తులకు సగం దాకా సీట్లు ఉంచుకోవచ్చంది. 2002లో టి.ఎం.ఏ. పాయ్ కేసులో పదకొండుమంది న్యాయమూర్తులు కూర్చుని, ఒకే శాతం అందరికీ కుదరదన్నారు.

విదేశాల్లో సంగతి వేరు. ఇంగ్లండులో చర్చి బడికి దరఖాస్తులు మించిపోతే చర్చికి వెళ్లే కుటుంబాలకు ముందు సీటివ్వచ్చు. బడి కోసమే ఆదివారాలు చర్చికి వెళ్లే తల్లిదండ్రులున్నారు. ఐర్లండులో బాప్తిస్మం పొందిన పిల్లలకే క్యాథలిక్ ప్రాథమిక బడుల్లో ముందువరస ఇచ్చే పద్ధతిని 2018 చట్టం తీసేసింది.

మన దేశంలో 2021లో జాతీయ బాలల హక్కుల కమిషన్ ఒక నివేదికలో క్రైస్తవ బడుల్లో 74 శాతం పిల్లలు మైనారిటీలు కారని చెప్పింది. మైనారిటీ పేరుతో మినహాయింపులు పొందుతున్నారన్న ఆక్షేపణ అందులో ఉంది. కానీ మన జిల్లాల సంగతి తెలిసినవాళ్లు ఆ అంకెను కాస్త ఆగి చదవాలి. 1950 నాటి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా పోతుంది, బీసీ-సీ కింద ఒక్క శాతం కోటా మిగులుతుంది. అందుకే ఆదివారం చర్చిలో ముందు బల్లమీద కూర్చునే కుటుంబం కూడా దరఖాస్తులో ‘హిందూ’ అని రాస్తుంది. ఆ పిల్లవాడు బడి రికార్డులో అన్యమతస్తుడే.

ఇలాంటి పేద దళిత క్రైస్తవ కుటుంబాలకు ఇంకో నష్టం కూడా ఉంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బడులు పేదలకు ఇవ్వాల్సిన 25 శాతం ఉచిత సీట్లు మైనారిటీ బడులకు వర్తించవని 2014లో సుప్రీంకోర్టు తేల్చింది. 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును సందేహించి పెద్ద బెంచికి నివేదించింది. ఈలోగా ఫీజు కట్టగలిగిన రైసుమిల్లు యజమాని కొడుక్కి కాన్వెంటులో సీటు, పేటలో పాస్టరు చెప్పే వాక్యం వినే కూలివాడి కూతురికి సర్కారు బడి.

లోపలి గొడవలూ తీరలేదు. క్యాథలిక్ బడుల్లో క్రైస్తవ పిల్లలు క్యాటకిజంకి, అంటే మతపాఠానికి, వెళ్తే మిగతావాళ్లు మోరల్ సైన్సుకి కూర్చోవడం పాత ఏర్పాటు, పెద్దగా తగవుల్లేనిది. తగువు వచ్చేది కార్తీకంలో, అయ్యప్ప మాల వేసుకున్న పిల్లవాడు నల్లబట్టల్లో గేటు దగ్గర నిలబడినప్పుడు. ఈ విషయంలో కొన్ని బడులది ఉత్త మూర్ఖపు పట్టుదల. సుమారు 14 వేల బడులున్న క్యాథలిక్ బిషప్పుల సమాఖ్యే 2024లో, ఇతర మతాల పిల్లల మీద క్రైస్తవ ఆచారాలు రుద్దొద్దనీ, రోజూ అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించమనీ తన బడులకు చెప్పింది.

సీటు కోసం వెళ్లే తల్లిదండ్రులకు ఒక మాట. దరఖాస్తు వెనక పేజీ కూడా చదవండి. ప్రార్థనకు, మతబోధకు మా సమ్మతి ఉంది అన్న వాక్యం అక్కడ ఉంటే, దాని కింద సంతకం పెట్టడం పెట్టకపోవడం మీ ఇష్టం. ఇష్టం లేకపోతే ఆ వాక్యం కొట్టేసి ఇవ్వండి. 28(3) మీకు ఇచ్చిన హక్కు అది.