సమందర్‌కి పోవాలంటే తారీఖ్ చూడాలి

దసరా ఛుట్టీలు ఇంకా రెండు నెలలు ఉండగానే మా నానక్‌రామ్‌గూడ అపార్ట్‌మెంట్లలో ఒక సవాల్ మొదలవుతుంది: "ఈసారి ఎక్కడికి?" పిల్లలు లిఫ్టులో అడుగుతారు, అమ్మీలు పార్కు బెంచీల మీద అడుగుతారు. జవాబులు కూడా దాదాపు అవే. ఫుకెట్, బాలి, మాల్దీవ్స్, లంకావి. అన్నీ సమందర్ ఒడ్డులే. ఆ రాత్రి మియా బీవీ కూర్చుని హిసాబ్ వేస్తారు. స్కూలు నడిచే రోజుల్లో ఒక కిరాయ, ఛుట్టీల్లో ఇంకో కిరాయ. విమానం అదే, సీటూ అదే. తారీఖ్ మారితే దామ్ మారుతుంది.

ఉర్దూలో 'తారీఖ్' అనే లఫ్జ్‌కి రెండు మానీలు. ఒకటి తెలుగులో మనం తారీఖు అనే రోజు. రెండోది చరిత్ర. ఈ మెహంగాయీ సమఝ్ కావాలంటే రెండు తారీఖ్‌లూ చూడాలి. అందుకే కొంచెం వెనక్కి పోయి వద్దాం.

1591లో ముహమ్మద్ కులీ కుతుబ్‌షా హైదరాబాద్‌కి బునియాద్ వేసినప్పుడు ఈ సల్తనత్‌కి సమందర్ ఉండేది. అదే మచిలీపట్నం, మన నోట్లో బందర్. ఫార్సీలో బందర్ అంటేనే రేవు. డచ్చివాళ్లు 1605 ప్రాంతంలో, ఇంగ్లీషువాళ్లు 1611లో వచ్చి దిగింది అక్కడే. కలంకారీ బట్ట, ఇతర సరుకులు ఎక్కించుకుని అక్కడి నుంచి ఓడలు పర్షియాకి, ఆచేకి, అరకాన్‌కి, ఎర్ర సముద్రానికి పోయేవి. ఎర్ర సముద్రం పోయే ఓడల్లో హాజీలు కూడా ఉండేవారు. గోల్కొండ ఖిల్లా నుంచి గుర్రం మీద బయలుదేరిన మనిషి తన పాదుషా హుకూమత్ దాటకుండానే సమందర్ చేరేవాడు.

ఆ సమందర్ ఎలా పోయింది? 1753లో సలాబత్ జంగ్ ఉత్తర సర్కారుల్ని ఫ్రెంచివాళ్లకి ఇచ్చేశాడు. 1759లో కల్నల్ ఫోర్డ్ వచ్చి బందర్ కోట పట్టుకున్నాడు. 1766లో నిజాం అలీ ఖాన్‌తో కంపెనీ సంధి చేసుకుంది. సర్కారులు మాకు వదలండి, ఏటా పేష్కష్ కడతాం అంది. 1823లో ఆ పేష్కష్‌ని కూడా ఏకమొత్తం ఇచ్చి కొనేసింది. మధ్యలో 1802లో ఒక వ్యాపార సంధి కుదిరి, బందర్ రేవుని వాడుకునే ఇజాజత్ నిజాంకి దొరికింది. ఒకప్పుడు సొంతమైన సాహిల్‌కి ఇజాజత్ తీసుకుని పోవాల్సిన జమానా వచ్చింది. చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కూడా 1947-48లో రేవు కోసం వెతికి, పోర్చుగీసువాళ్ల చేతిలో ఉన్న గోవాలోని మార్ముగోవా మీద ఉమ్మీద్ పెట్టుకున్నాడు. అది కుదరలేదు.

ఆ తర్వాత మన బుజుర్గ్‌లకి సమందర్ అంటే సఫర్. హజ్‌కి పోయేటప్పుడు బొంబాయిలో కనపడేది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కి రైలు రాకముందు బొంబాయి చేరడమే ఒక పెద్ద ముసీబత్. అక్కడి నుంచి జిద్దాకి ఓడ. ఆ హజ్ ఓడలు 1995 దాకా నడిచాయి. సైర్ కోసం, బచ్చాలు ఇసుకలో ఆడుకోవడం కోసం సమందర్‌కి పోయామన్న మాట మా ఖాందాన్ పెద్దల నోట నేను వినలేదు. గర్మీ ఛుట్టీలు అంటే నానిహాల్. నానీ ఇంటి మేడ మీద పక్కలు, మామిడిపళ్ల బకెట్, ఖాలాల పిల్లలతో గొడవలు. నా నానిహాల్ బందర్ కాబట్టి నాకు సమందర్ కూడా దొరికింది. దానికి ఎవరూ టికెట్ అడగలేదు.

ఇక ఛుట్టీ కిరాయ సంగతి. ఈ దర్ద్ ఐటీ కారిడార్‌తో మొదలైందని చాలామంది అనుకుంటారు. మన ఖౌమ్‌కి ఇది పాతదే. 1973లో చమురు ధర పెరిగాక గల్ఫ్‌లో పని పుట్టింది. పాతబస్తీ, కరీంనగర్, నిజామాబాద్ నుంచి లక్షల మంది జిద్దా, రియాద్, దుబాయ్, కువైత్ పోయారు. కొందరు బీవీ బచ్చాల్ని కూడా తీసుకుపోయారు. అక్కడి స్కూళ్లకి ఛుట్టీలు జులై, ఆగస్టుల్లో. అంటే ఇంటికి రావాలన్నా, అమ్మీ ముఖం చూడాలన్నా, చెల్లెలి నికాహ్ పెట్టుకోవాలన్నా ఆ రెండు నెలలే. విమానాలు నిండిపోయేవి, కిరాయలు ఆస్మాన్‌కి పోయేవి. మా మామూ జిద్దాలో ఉన్నప్పుడు రెండేళ్లకి ఒకసారే వచ్చేవారు. నలుగురి టికెట్ ముమానీ చేతి గాజుల కంటే ఎక్కువ అవుతోందని ఆయన నవ్వుతూ అనేవారు, ముమానీ మాత్రం నవ్వేది కాదు. 2017 జులై నుంచి సౌదీ హుకూమత్ కుటుంబంలో ఒక్కొక్కరికి నెలకి 100 రియాళ్ల ఫీజు పెట్టి, 2020 నాటికి దాన్ని 400 చేసింది. దాంతో ఎన్నో కుటుంబాలు సామాన్ సర్దుకుని వాపస్ వచ్చేశాయి. తలకి ఇంత అనే హిసాబ్ ఇంటిని ఎలా కదిలిస్తుందో గల్ఫ్ పోయినవాళ్లకి బాగా తెలుసు.

ఒకే సీటుకి తారీఖ్‌ని బట్టి వేరే దామ్ పెట్టే తరీఖా అమెరికాలో పెద్దదైంది. 1977లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ 'సూపర్ సేవర్' అని ముందుగా కొనేవాళ్లకి సస్తా టికెట్లు తెచ్చింది. 1978లో అక్కడి కాంగ్రెస్ విమాన కిరాయల మీద సర్కారీ కంట్రోల్ తీసేసింది. ఆ తర్వాత కంప్యూటర్ కూర్చుని, ఒక్కో విమానంలో సీట్లని ఖానాలుగా విడగొట్టడం నేర్చుకుంది. ముందు సస్తా ఖానా, అది నిండితే ఇంకొంచెం మెహంగా ఖానా, చివర ఆస్మాన్ ఖానా. తారీఖ్ మార్చుకోగలిగినవాడు సస్తా ఖానా దొరికే రోజు చూసుకుంటాడు. మార్చుకోలేనివాడు ఉన్నదే కొంటాడు. స్కూలు పిల్లలున్న మా బాప్ ఈ రెండో జమాత్. మన దగ్గర విమానాలు 1953లో సర్కార్ చేతికి పోయాయి, నిజాం రాజ్యపు డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా అప్పుడే ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. 1994లో ఆ ఖానూన్ రద్దు అయ్యాక ప్రైవేటు కంపెనీలకి తలుపులు పూర్తిగా తెరుచుకున్నాయి. ఈ ఖానాల ఖేల్ మనకీ వచ్చింది.

సైర్ కోసం విదేశం పోవడం కూడా మనకి కొత్త సంగతే. చేతిలో 8 డాలర్లు మాత్రమే పెట్టుకుని దేశం దాటిన తరం ఇంకా మన మధ్య ఉంది. 2004 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంక్ ఒక మనిషి ఏడాదికి 25,000 డాలర్లు బయటికి పంపుకోవచ్చంది. ఇప్పుడా హద్దు 2,50,000. 1998లో సైబర్ టవర్స్ వచ్చింది, 2008 మార్చిలో శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ వచ్చింది. అమెరికా కాన్సులేట్ బేగంపేట పాయ్‌గా పాలెస్ నుంచి 2023లో మా నానక్‌రామ్‌గూడకే వచ్చేసింది. తన్ఖా పెరిగింది, పాస్‌పోర్టు సులువైంది, 2023 నవంబర్‌లో థాయ్‌లాండ్, డిసెంబర్‌లో మలేషియా మనకి వీసా మాఫీ చేశాయి. దర్వాజాలు అన్నీ తెరుచుకున్నాయి.

అయితే జేబు మీద ఇంకో వైపు నుంచి దెబ్బ పడుతోంది. శంషాబాద్ తెరిచిన నెలలో డాలర్ సుమారు 40 రూపాయలు. 2025 డిసెంబర్‌లో 90 దాటింది. అక్కడి హోటల్ ఒక్క డాలర్ పెంచకపోయినా మనకి రెండింతల పైనే. దాని మీద తలకి ఇంత అనే పన్నులు. మాల్దీవ్స్‌నే మిసాల్‌గా తీసుకుందాం. 2025 జనవరి 1 నుంచి రిసార్టుల్లో గ్రీన్ ట్యాక్స్ మనిషికి రాత్రికి 12 డాలర్లు, అంతకుముందు 6 ఉండేది. 2024 డిసెంబర్ నుంచి వెళ్లిపోయేటప్పుడు ఎకానమీ ప్రయాణికుడు కట్టే డిపార్చర్ ట్యాక్స్ 50 డాలర్లు. మియా బీవీ, ఇద్దరు బచ్చాలు, నాలుగు రాత్రులు అనుకోండి. గ్రీన్ ట్యాక్స్ 192 డాలర్లు, డిపార్చర్ ట్యాక్స్ 200 డాలర్లు. డాలర్‌కి 90 చొప్పున వేస్తే 35,280 రూపాయలు. ఇందులో విమానం లేదు, గది లేదు, ఒక రొట్టె ముక్క కూడా లేదు. గది బిల్లు మీద 2025 జులై నుంచి 17 శాతం జీఎస్టీ వేరే. బాలిలో కూడా 2024 ఫిబ్రవరి నుంచి మనిషికి 1,50,000 రుపియాల రుసుము ఉంది. ముగ్గురు నలుగురు పిల్లలున్న ఇళ్లలో ఈ హిసాబ్ ఎక్కడికి పోతుందో మీరే చూసుకోండి.

మన సర్కార్ 2020 అక్టోబర్ నుంచి విదేశీ టూర్ ప్యాకేజీల మీద టీసీఎస్ 5 శాతం వేసింది. 2023 అక్టోబర్ నుంచి 7 లక్షలు దాటిన భాగానికి 20 శాతం చేసింది. 2026 బడ్జెట్‌లో 2 శాతానికి దించింది. ఈ డబ్బు పోయినట్టు కాదు, రిటర్న్ వేస్తే హిసాబ్‌లో కలుస్తుంది. కాని ఛుట్టీల ముందు అది జేబులోంచే పోవాలి.

ఇక అసలు తారీఖ్ సంగతి. మన తెలంగాణలో దసరా ఛుట్టీలు 2025లో సెప్టెంబర్ 21 నుంచి అక్టోబర్ 3 దాకా ఇచ్చారు. ఎండాకాలం ఛుట్టీలు ఏప్రిల్ చివర మొదలై జూన్ 11 దాకా. రాష్ట్రం మొత్తం ఒకేసారి తాళం, ఒకేసారి గంట. దసరాకి ఆంధ్రాలో, కర్ణాటకలో కూడా ఛుట్టీలే. లక్షల ఇళ్లు ఒకే వారంలో బయలుదేరితే కంప్యూటర్‌కి సస్తా ఖానా ఉంచాల్సిన జరూరత్ ఏముంది? ఇది హైదరాబాద్ పరేషానీ మాత్రమే కాదు. ఇంగ్లండ్‌లో జాన్ ప్లాట్ అనే తండ్రి 2015 ఏప్రిల్‌లో స్కూలు నడుస్తుండగా కూతుర్ని ఫ్లోరిడా తీసుకుపోయాడు. జుర్మానా కట్టనని సుప్రీం కోర్టు దాకా పోయి 2017లో ఓడిపోయాడు. అక్కడ ఇప్పుడు ఆ జుర్మానా 80 పౌండ్ల నుంచి మొదలవుతుంది. చాలామంది తల్లిదండ్రులు జుర్మానాని, కిరాయ తేడాని పక్కపక్కన పెట్టి చూసి, జుర్మానానే సస్తా అనుకుంటారు. ఫ్రాన్స్ వేరే రాస్తా పట్టింది. దేశాన్ని మూడు జోన్లు చేసి, శీతాకాలం, వసంతం ఛుట్టీలు వేర్వేరు వారాల్లో ఇస్తుంది. జర్మనీలో రాష్ట్రాలు ఎండాకాలం ఛుట్టీల్ని వంతులవారీగా పెట్టుకుంటాయి. రోడ్లు, రైళ్లు, హోటళ్లు ఒకే రోజు నిండిపోకూడదని ఈ ఇంతెజామ్.

మన దగ్గర ఇలా ఎందుకు కాకూడదు? బతుకమ్మ, దసరా రోజుల్ని ఎవరూ కదపనక్కర్లేదు. పండగకి ముందు, తర్వాత వచ్చే రోజుల్ని జిల్లాల వారీగా కొంచెం అటూ ఇటూ జరపొచ్చు. ఐటీ కారిడార్‌లోని ప్రైవేటు స్కూళ్ల తల్లిదండ్రులు మీటింగుల్లో యూనిఫాం గురించి, బస్సు గురించి గంటలు మాట్లాడతారు. ఈ మాట కూడా ఎత్తాలి. విదేశం పోయేవాళ్లకే కాదు, విశాఖ రైలుకో, ఊరి బస్సుకో టికెట్ దొరకని ఇళ్లకి దీని ఫాయిదా ఇంకా ఎక్కువ.

తారీఖ్ మార్చలేని ఇళ్లకి ఒక చిన్న హిసాబ్ చెప్తాను. మాల్దీవ్స్‌లో, ఫుకెట్‌లో గదుల ధరలు ఎక్కువగా ఉండేది యూరప్ వాళ్లు చలికి పారిపోయి వచ్చే నెలల్లో, అంటే సుమారు నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా. మన మే నెల, దసరా రోజులు అక్కడ బారిష్ కాలం. అప్పుడు విమానం మెహంగా, గది సస్తా. డిసెంబర్ ఛుట్టీల్లో రెండూ మెహంగా. మాల్దీవ్స్‌లోనే జనం నివసించే ద్వీపాల్లో చిన్న గెస్ట్‌హౌస్‌లు ఉన్నాయి, అక్కడ గ్రీన్ ట్యాక్స్ 6 డాలర్లే. ఉమ్రా నియ్యత్ ఉన్నవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. మన హిజ్రీ సాల్ ఏటా దాదాపు 11 రోజులు ముందుకి జరుగుతుంది, స్కూలు క్యాలెండర్ జరగదు. రంజాన్ ఛుట్టీల్లో పడిన ఏడాది కిరాయ ఒకలా, పడని ఏడాది ఇంకోలా ఉంటుంది.

నాకు ఫికర్ కలిగించేది కిరాయ ఒక్కటే కాదు. ఛుట్టీలు అయ్యాక మొదటి రోజు క్లాసులో "మీరు ఎక్కడికి పోయారు?" అని టీచర్ అడుగుతుంది. ఆ ఒక్క సవాల్‌కి జవాబు కోసం నాలుగు రోజుల సైర్‌ని పన్నెండు నెలల కిస్తీల్లో కొనే ఇళ్లు మా చుట్టూ ఉన్నాయి. సూద్ మీద ఖర్జ్ తెచ్చుకుని సమందర్ చూడటం మన అఖీదా ఒప్పుకోని సంగతి. అఖీదా పక్కన పెట్టి చూసినా, వచ్చే దసరా నాటికి పాత దసరా కిస్తీ కడుతూ ఉండటం అఖల్‌మందీ కాదు. తాఖత్ ఉన్నవాళ్లు బేషక్ పోవాలి, అల్లాహ్ దునియాని చూడమనే ఇచ్చాడు. తాఖత్ లేని ఏడాది పిల్లలకి ఆ మాట సాఫ్‌గా చెప్పగలగాలి. వాళ్లు మనం అనుకునేదానికంటే ఎక్కువ సమఝ్‌దార్‌లు.

మా ఇంట్లో ఈ దసరాకి బందర్ పోదామని తీర్మానం అయింది. మన షహర్ మీదుగా పోయే 65వ జాతీయ రహదారి పుణెలో మొదలై మచిలీపట్నంలోనే ముగుస్తుంది. మంగినపూడిలో నీళ్లు ఫుకెట్ ఫోటోల్లో ఉన్నంత నీలంగా ఉండవని పిల్లలకి ముందే చెప్పాను. మా పెద్దది మొహం ముడుచుకుంది. డచ్చివాళ్ల సమాధులు, పెడనలో కలంకారీ అచ్చులు చూపిస్తానన్నాను, అయినా ముడుచుకునే ఉంది. చిన్నోడు మాత్రం అక్కడ ఇసుక ఉంటుందా అని అడిగాడు. ఉంటుందన్నాను. అయితే బకెట్ కొనాలన్నాడు.