శిస్తు వజా నుంచి పెట్టుబడి రాయితీ దాకా

వేరుశనగ చేను దూరం నుంచి పచ్చగానే కనిపిస్తుంది. ఊడలు దిగే వేళ వాన మొహం చాటేస్తే ఆ పచ్చదనం కింద ఏమీ ఉండదు. చెట్టు పీకితే ఎర్రమట్టితో పాటు రెండు లొట్టకాయలు వస్తాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే అనంతపురం ప్రాంతంలో ఈ నష్టానికి ఎంత ఇవ్వాలి, ఎవరికివ్వాలి అన్న ప్రశ్న ఈస్టిండియా కుంపిణీ కాలం నుంచీ ఉంది.

1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి వదిలేశాక తొలి కలెక్టరు థామస్ మన్రో. అప్పట్లో సాయమంటే శిస్తు వజాయే, అంటే భూమి పన్నులో తగ్గింపే. శిస్తును పాతిక శాతం తగ్గించమని మన్రో 1807లోనే కోరాడు. అది జరిగింది మాత్రం ఆయన మద్రాసు గవర్నరయ్యాకే.

1876-78 నాటి ధాత కరువు ఆ పద్ధతిని తలకిందులు చేసింది. పంట పండనివాడికి శిస్తు తగ్గించినంత మాత్రాన కడుపు నిండదు కదా! సర్కారు కరువు పనులు పెట్టింది. 1877లో కరువు పర్యవేక్షణకు వచ్చిన అధికారి రిచర్డ్ టెంపుల్ ఆ కూలిని మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణాకు కుదించాడు. పౌను అంటే అరకిలో కూడా కాదు. ఎండలో రాళ్ళు కొట్టే మనిషికి అది కూలి కాదు, శిక్ష. ఆ కరువు చావుల తర్వాతే 1880లో కరువు కమిషన్ నివేదిక, ఆపైన కరువు నియమావళి వచ్చాయి. విత్తనాలకు, ఎడ్లకు తక్కావీ అప్పులిచ్చే చట్టం 1884లో వచ్చింది. అయితే అప్పు అప్పే, వానలు పడ్డాక తీర్చాల్సిందే.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా, 1950ల తొలి ఏళ్ళ కరువులో రాయలసీమకు దక్కింది గంజి కేంద్రాల వంటి సాయమే. పోయిన పంటకు డబ్బు ఇవ్వడం ఆ తర్వాతి మాట. 1985లో వచ్చిన సమగ్ర పంటల బీమా బ్యాంకు అప్పుతో ముడిపడింది. 1990లో విపత్తు సహాయ నిధి ఏర్పడి, పోయిన పంటకిచ్చే ఈ డబ్బుకు, అంటే పెట్టుబడి రాయితీకి, స్థిరమైన దారి దొరికింది. సగం పంట పోతేనే సాయమన్న నిబంధనను 2015లో 33 శాతానికి సడలించారు. వర్షాధార పంటకు సాయాన్ని హెక్టారుకు 6,800 రూపాయలు చేశారు. 2022 నాటి కేంద్ర నిబంధనల్లో అది 8,500 అయింది.

ఎకరాకు లెక్కేస్తే 3,440. ఎకరా విత్తడానికి సుమారు 60 కిలోల వేరుశనగ పప్పు కావాలి. కిలో వంద అనుకున్నా 6,000. దుక్కి, ఎరువు, కలుపు సంగతి అటుంచితే, విత్తనం ఖర్చు కూడా రాదన్నమాట.

ఆ కొంచెమైనా ఎవరికి అందుతోంది? సొమ్ము చాలా కాలం ఊరి భూమి, పంటల లెక్క రాసే అడంగల్‌లో పేరున్నవాడి ఖాతాలోకే వెళ్ళింది. దున్నిన కౌలు రైతు పేరు ఆ కాగితంలో ఉండదు. 2011లో రుణార్హత కార్డుల చట్టం, 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం ఈ లోటు పూడ్చడానికే వచ్చాయి. కానీ 2019 చట్టంలో భూయజమాని సంతకం తప్పనిసరి. సంతకం పెడితే భూమి చేజారుతుందేమోనన్న భయం యజమానిది, అడిగితే వచ్చే ఏడు కౌలు పోతుందేమోనన్న భయం కౌలు రైతుది.

శిస్తు రోజుల్లో కాగితంలో పేరున్నవాడే రైతు. సాయం రూపం ఎన్నిసార్లు మారినా ఆ లెక్క మారలేదు. చేలో నిలబడి పంట నమోదు చేసే ఉద్యోగి, విత్తినవాడి పేరును యజమాని సంతకంతో పని లేకుండా రాయాలి. నష్టపరిహారం ఆ పేరు మీదే రావాలి. ఈ ఒక్క సవరణ కోసం రైతు సంఘాలు, శాసనసభ్యులు పట్టుబట్టాలి.