ఇంటి రికార్డింగులో గాత్రం మెరుగుపడాలంటే

ఇంట్లో పాడి పోటీకి పంపిన పాటను వినే న్యాయనిర్ణేత ఎదుట గాయకులు ఉండరు. రికార్డింగు మాత్రమే ఉంటుంది. గది ప్రతిధ్వని, ఫ్యాను హోరు సాహిత్యాన్ని కప్పివేస్తే నష్టపోయేది గాత్రమే. అందువల్ల ఖరీదైన మైక్రోఫోన్ కొనడానికి ముందే గదిని, దూరాన్ని, శబ్ద స్థాయిని సరిచూసుకోవాలి.

గది: నున్నని గోడలు, గచ్చు నేల ధ్వనిని తిప్పి పంపుతాయి. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక ఉపన్యాస మందిరపు ప్రతిధ్వనిపై పరిశోధన చేపట్టిన వాలెస్ సబీన్, కుర్చీల మెత్తలను లోపల పరచి అది తగ్గే తీరును కొలిచారు. ఆ సూత్రం ఇంటికీ వర్తిస్తుంది. పరుపు, బట్టలు ఉన్న పడకగది మేలు. గాయకుల వెనుక దళసరి బొంత వేలాడదీస్తే మార్పు వెంటనే తెలుస్తుంది.

దూరం: 1902లో గౌహర్ జాన్ కలకత్తాలో గ్రామఫోన్ కొమ్ములోకి పాడారు. విద్యుత్ మైక్రోఫోన్ లేని ఆ పద్ధతిలో గొంతు బలమూ, దూరమూ స్థాయిని నిర్ణయించేవి. నేడు కూడా దూరం కీలకమే. మైక్రోఫోన్‌కు, నోటికి మధ్య జానెడు దూరం ఉంటే చాలు. మరీ దగ్గరైతే ఏకదిశా మైక్రోఫోన్లలో మంద్ర ధ్వని ఉబ్బుతుంది. దూరమైతే గది శబ్దం పెరుగుతుంది. ప, బ, భ వంటి అక్షరాల ఊపిరి నేరుగా తగలకుండా మైక్రోఫోన్‌ను కొద్దిగా పక్కకు జరపాలి.

స్థాయి: ముందుగా పాటలోని అత్యంత ఉచ్చ భాగాన్ని పాడి చూడాలి. అప్పుడు సూచిక మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు. పరిమితి దాటి చీలిన ధ్వనిని తరువాత పూర్తిగా సరిదిద్దడం సాధ్యం కాదు. మూల ప్రతిని ఎంపీ3గా కాక వేవ్ ఫైలుగా భద్రపరచాలి.

శ్రుతి: తంబురా నాదాన్ని తీగ ఉన్న ఇయర్‌ఫోన్‌లో వినడం మంచిది. బ్లూటూత్‌లో ధ్వని ఆలస్యంగా చేరుతుంది కనుక తాళవాద్యంతో కలిసి పాడేటప్పుడు లయ తప్పే ప్రమాదం ఉంది.

1997లో వచ్చిన ఆటో-ట్యూన్ వంటి సాఫ్ట్‌వేర్లు స్వరాన్ని నిర్ణీత స్థానానికి లాగుతాయి. స్వరాల మధ్య కదలికే ప్రాణమైన గమకం అక్కడ చదునైపోతుంది. కర్ణాటక, హిందుస్తానీ గాత్రాలకు ఈ సవరణ కంటే మరొకసారి పాడటమే ఉత్తమం.

మన గొంతును మనం ఎముకల కంపనం ద్వారా కూడా వింటాము. రికార్డింగులో అది లేకపోవడం వల్ల మొదట పరాయి గొంతులా తోస్తుంది. అంతమాత్రాన అది లోపం కాదు. మరుసటి రోజు మళ్లీ విని, ఒక్కొక్క మార్పే చేస్తూ పోల్చుకుంటే గాత్రంలోని అసలు తప్పులు, గది వల్ల కలిగినవి వేరుగా తెలుస్తాయి.